డబ్బు కట్టినా బకాయి అంటున్నారు... పాప బడిలో అన్నం మానేసింది

అనంతపురం నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, వీధి, బడి వివరాలు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడతారు. భర్త లగేజీ ఆటో నడుపుతారు. మార్కెట్‌కు సరుకు బాగా వచ్చిన వారం నాలుగు డబ్బులు కనపడతాయి, రాని వారం డీజిల్‌కే సరిపోతుంది. పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి. ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూలు. బస్సు ఏడుంపావుకే వస్తుంది కాబట్టి పోయిన జూన్ నుంచి మధ్యాహ్నం భోజనం స్కూల్లోనే పెట్టించారు. ఒక్కొక్కరికి నెలకు 1,100 రూపాయలు. ఆ డబ్బు ముందుగా స్కూలు యాప్‌లో వేయాలి. రోజూ కొంత తగ్గుతూ వస్తుంది. 200 కంటే తక్కువైతే మెసేజ్‌లు మొదలవుతాయి. మొదట ఎస్ఎంఎస్, తర్వాత వాట్సాప్, ఆ తర్వాత పొద్దున ఏడింటికి రికార్డు చేసిన గొంతుతో ఫోన్. "మీ పిల్లల భోజన బకాయి వెంటనే చెల్లించగలరు" అని చెబుతుంది. ఎత్తకపోతే మళ్ళీ మోగుతుంది.

ఈ నెల మూడో తేదీన స్కూలు ఆఫీసు గోడకు అంటించిన క్యూఆర్ కోడ్‌కు భర్త ఫోన్ నుంచి 2,200 రూపాయలు కట్టారు. డబ్బు బ్యాంకులోంచి పోయింది, మెసేజ్‌లు మాత్రం ఆగలేదు. అడిగితే "సిస్టంలో కనపడటం లేదమ్మా" అన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఈమె ఓపిక పట్టలేక నలుగురి ముందు గట్టిగా అరిచి వచ్చారు. బాబు జ్వరంతో వారం రోజులు బడికి పోకపోయినా ఆ రోజుల డబ్బు కూడా కోశారు. దీనికి తోడు తరగతి వాట్సాప్ గ్రూపులో బకాయి ఉన్న పిల్లల పేర్లు పెట్టారు. అందులో పాప పేరు ఉంది.

ఒకరోజు భోజనాల వరసలో పాప కార్డు పెట్టగానే మెషీన్‌లో ఎర్ర లైటు వెలిగింది. వడ్డించే ఆమె "మీ అమ్మకు చెప్పు, డబ్బు కట్టమని" అంది. వెనకున్న పిల్లలు విన్నారు. ఆ పూట అన్నం పెట్టారు గానీ, మర్నాటి నుంచి పాప ఆ వరసలోకే పోవడం లేదు. ఇంటికొచ్చి తిన్నానంటోంది. పక్కింటి అమ్మాయి చెప్పేదాకా ఈమెకు తెలియదు. ఒక రాత్రి పాప "అమ్మా, మన దగ్గర డబ్బుల్లేవా?" అని అడిగిందట. అత్తగారు కరువు రోజుల్లో అప్పులవాళ్ళు గడపలోకి రావడం చూసిన మనిషి. ఫోన్‌లో బకాయి అనే మాట వినపడగానే ఎవరికి బాకీ పడ్డారని కంగారు పడుతున్నారు. భర్త "మాన్పించు, క్యారియర్ కట్టు" అని ఒక్క మాటతో తేల్చేశారు.

"స్కూలుతో కొట్లాడాలా? పై అధికారులకు ఫిర్యాదు చేయాలా? క్యారియర్ కట్టాలా? గవర్నమెంటు బడిలో అన్నం ఊరికే పెడతారు కదా, అక్కడికే మార్చేద్దామా? ఫోన్ మోగితేనే టెన్షన్‌గా ఉంటోంది" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మెసేజ్‌ల గురించి రెండు పేజీలు రాశారు. పాప అన్నం తినకపోవడం గురించి నాలుగు లైన్లే రాశారు. రాయడానికే మనసు రాలేదేమో, అర్థమైంది. అయినా నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే డబ్బు లెక్క తేలడానికి వారమో పది రోజులో పడుతుంది. ఏడో తరగతి పిల్ల అన్ని రోజులు పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో ఉండకూడదు.

ఈ రాత్రే పాపతో మాట్లాడండి. తమ్ముడు, జేజి పడుకున్నాక మీరిద్దరే కూర్చోండి. "ఎందుకు అబద్ధం చెప్పావు?" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ పిల్ల మీ మీద భారం పడకూడదని ఆ మాట చెప్పింది. నాలుగు రోజులు తినకపోతే ఆ మేరకు డబ్బు మిగులుతుందని కూడా అనుకుని ఉండవచ్చు. ఈ వయసు ఆడపిల్లలు ఇలాంటి లెక్కలు మనకు తెలియకుండా వేసుకుంటారు. "వరసలో ఏం జరిగిందో నాకు తెలిసింది. నీ తప్పేమీ లేదు. మూడో తేదీనే నాన్న డబ్బు కట్టాడు. వాళ్ళ లెక్కలో ఎక్కలేదు. ఆ సంగతి నేనూ నాన్నా చూసుకుంటాం" అని చెప్పండి. కట్టినట్టు ఫోన్‌లో ఉన్న రసీదు చూపించండి. పిల్లలకు ఊరడింపు మాట కంటే కళ్ళతో చూసింది ఎక్కువ ధైర్యమిస్తుంది.

"మన దగ్గర డబ్బుల్లేవా?" అన్న ప్రశ్నకు కూడా బదులు చెప్పాలి. "ఉన్నాయి, నీకెందుకు" అని కొట్టేస్తే నమ్మదు. ఆటో ఆగిన వారం ఇంట్లో ఎలా ఉంటుందో తను చూస్తూనే ఉంది. "కొన్ని వారాలు ఇబ్బందిగా ఉంటుంది, కానీ మీ అన్నానికి ఎప్పుడూ డబ్బు పక్కన పెట్టే ఉంటుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏం చేయాలో తర్వాత చెబుతాను.

ఈ వ్యవహారం తేలేదాకా పాపకు మాత్రం క్యారియర్ కట్టండి. చిత్రాన్నమో, చపాతీ, చెనిక్కాయల పొడో, త్వరగా అయ్యేది ఏదైనా సరే. ఇది తాత్కాలికమని, లెక్క సరిపోయాక మళ్ళీ స్కూల్లో తినాలో వద్దో తనే చెప్పవచ్చని కూడా అనండి. బాబు అక్కడ హాయిగా తింటుంటే వాణ్ణి కదిలించకండి. ఇద్దరికీ ఒకే పద్ధతి ఉండాలని ఎక్కడా లేదు.

ఇక ఆ మెసేజ్‌ల సంగతి. మీరు "కావాలనే పంపుతున్నారు" అని రాశారు. అలా అనిపించడం సహజమే గానీ, వాటిని ఏ మనిషీ కూర్చుని పంపడం లేదు. పిల్లల పేరు, అడ్మిషన్ నంబరు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, మిగిలిన డబ్బు, ఇవన్నీ ఒక పట్టికలో ఉంటాయి. పెట్టిన టైముకు సాఫ్ట్‌వేర్ ఆ పట్టిక చూసి, 200 కంటే తక్కువున్న ప్రతి నంబరుకూ మెసేజ్ కొడుతుంది. మీరు ఆఫీసులో ఎంత బతిమాలినా, ఎంత అరిచినా, ఆ అంకె మారేదాకా అది ఆగదు.

అంకె ఎందుకు మారలేదో మీ ఉత్తరంలోనే ఉంది. యాప్‌లోంచి కడితే ఆ చెల్లింపుకు పిల్ల అడ్మిషన్ నంబరు అతుక్కుని పోతుంది. గోడ మీది క్యూఆర్ కోడ్ అలా కాకపోవచ్చు. డబ్బు స్కూలు బ్యాంకు ఖాతాలో పడుతుంది, వాళ్ళ స్టేట్‌మెంటులో మీ ఆయన పేరు, 2,200 అనే అంకె కనపడతాయి. అది ఏ పిల్లది, బస్సు ఫీజా, భోజనమా, పుస్తకాలా అన్నది అందులో ఉండదు. పైగా స్కూలు రికార్డులో ఉన్నది మీ నంబరు, కట్టింది మీ ఆయన ఫోన్ నుంచి. ఇద్దరు పిల్లల డబ్బు ఒకేసారి వేశారు. ఎవరో ఒకరు కూర్చుని ఆ లైను చూసి, ఇది ఫలానా అక్కాతమ్ముళ్ళదని చేత్తో ఎక్కించాలి. అదే జరగలేదని నా అంచనా. "సిస్టంలో కనపడటం లేదు" అన్న ఆఫీసు ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె చూసింది యాప్ పట్టిక. బ్యాంకు స్టేట్‌మెంటు బహుశా వేరేవాళ్ళ దగ్గర ఉంటుంది.

కాబట్టి ఈసారి వెళ్ళేటప్పుడు కాగితంతో వెళ్ళండి. మీ ఆయన ఫోన్‌లో ఆ చెల్లింపు తెరిస్తే యూటీఆర్ అని 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు, తేదీ, మొత్తం, ఏ బ్యాంకు ఖాతా నుంచి పోయింది, ఇద్దరు పిల్లల పేర్లు, అడ్మిషన్ నంబర్లు, ఎవరికి ఎంత జమ చేయాలో, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి. "ఈ మొత్తాన్ని మా పిల్లల భోజన ఖాతాలో జమ చేసి, జూన్ నుంచి ఇప్పటిదాకా వేసినదీ కోసినదీ తేదీలవారీగా ఇవ్వగలరు" అని అడగండి. బాబు సెలవుల తేదీలు కూడా అందులోనే రాయండి. ఆ కాగితం జిరాక్స్ మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాట కిటికీ దగ్గరే ఆగిపోతుంది. కాగితమైతే అకౌంట్స్ చూసే మనిషి బల్ల మీదికి వెళ్తుంది.

జ్వరం రోజుల డబ్బు విషయంలో మాత్రం పూర్తిగా తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకండి. కొన్ని చోట్ల ముందురోజు చెబితేనే కోత ఆపుతారు, ఎందుకంటే బియ్యం, కూరగాయలు లెక్క ప్రకారం తెచ్చేసి ఉంటారు. మీ స్కూల్లో ఆ నియమం రాసి ఉందో లేదో చూపించమని అడగండి. రాసి లేకపోతే అడిగే హక్కు మీకుంది. రాసి ఉంటే, ఇకమీదట సెలవు చెప్పేటప్పుడు భోజనం సంగతి కూడా అదే మెసేజ్‌లో రాయడం అలవాటు చేసుకోండి.

డబ్బు అసలు స్కూలుకు చేరనే లేదని వాళ్ళు అంటే అప్పుడు బ్యాంకును అడగాలి. యూపీఐలో వ్యాపార ఖాతాకు కట్టిన డబ్బు మన ఖాతాలో కోతపడి, అవతల నమోదు కాకపోతే 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం కూడా ఇవ్వాలి. మీకు ఇన్నాళ్ళూ వెనక్కి రాలేదంటే అది స్కూలు ఖాతాలోనే ఉండే అవకాశం ఎక్కువ. అయినా అనుమానముంటే కట్టిన యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకులో కూడా రాసివ్వండి. 30 రోజులైనా జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళవచ్చు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఆ నంబర్లు బ్లాక్ చేసేస్తే పీడ వదులుతుందని మీకు ఎవరో సలహా ఇచ్చారు కదా. చేయవచ్చు, కానీ బస్సు ఆలస్యం, హఠాత్తు సెలవు, పరీక్ష తేదీ కూడా అక్కడి నుంచే వస్తుంటే అవీ మీకు అందవు. 1909కి చెప్పి డీఎన్‌డీ, అంటే "నన్ను కదిలించకండి" అనే ఏర్పాటు, పెట్టుకున్నా లాభం ఉండదు. అది ప్రకటనల్ని ఆపుతుంది గానీ, మనం చేరిన సేవకు సంబంధించిన మెసేజ్‌లను ఆపదు. 2025 నుంచి ఎస్ఎంఎస్ పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లిషు అక్షరం వస్తోంది, చూడండి. 'పి' ఉంటే ప్రకటన, 'ఎస్' ఉంటే సేవ. మీకు వచ్చేవి ఎక్కువగా ఈ రెండో రకమే అయి ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలా రోజూ బకాయి మెసేజ్‌లు చూసి చూసి విసిగినవాళ్ళు ఏదో ఒక లింకు నొక్కి కట్టేస్తుంటారు. మోసగాళ్ళకు కావలసింది అదే. కొత్త నంబరు నుంచి "భోజనం ఆగిపోతుంది, ఇప్పుడే కట్టండి" అని లింకు వస్తే నొక్కకండి. స్కూలు యాప్ మీరే తెరిచి కట్టండి. ఎప్పుడైనా పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

బ్లాక్ చేయడం కంటే, మెసేజ్‌ల తీరు మార్చమని అడగడం మంచిది. ముఖ్యంగా ఆ ఏడు గంటల ఫోన్. ఏడుంపావుకు బస్సంటే, ఏడింటికి మీరు పాపకు జడ వేస్తూ ఉంటారు. చేతులు ఖాళీ ఉండవు, స్పీకర్ పెడతారు. ఆ గొంతు మొదట వినేది పాప, తర్వాత వంటింట్లో ఉన్న అత్తగారు. అంటే రోజు మొదలయ్యేదే ఆ మాటతో. ఇది కంప్యూటరు ముందు కూర్చుని టైము పెట్టిన మనిషికి తట్టి ఉండదు. చెబితే తెలుస్తుంది. "మాకు వాయిస్ కాల్ వద్దు, వారానికి ఒక్క మెసేజ్ చాలు, పిల్లలు బడికి పోయాక పంపండి, కట్టామని కాగితం ఇచ్చిన తర్వాత లెక్క తేలేదాకా ఆపండి" అని అదే కాగితంలో రాయండి. ఒక్కరికోసం మార్చలేమని అనవచ్చు. ఒక నంబరును వాయిస్ కాల్ జాబితాలోంచి తీయడం ఎక్కువ సాఫ్ట్‌వేర్లలో కుదిరే పనే. వాళ్ళు చేయలేకపోతే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళను అడగమనండి.

ఇంతదాకా చెప్పింది లెక్కల తకరారు. కాస్త ఓపికతో తేలిపోతుంది. గ్రూపులో పేర్లు పెట్టడం, అన్నం వరసలో పిల్లను అడగడం మాత్రం అలాంటిది కాదు. అవి మనుషులు చేసిన పనులు. వాటి విషయంలో మీరు తగ్గవలసిన అవసరం లేదు.

డబ్బు స్కూలుకూ తల్లిదండ్రులకూ మధ్య ఉండాల్సిన వ్యవహారం. చేతిలో రూపాయి లేని పిల్లను నలుగురిలో అడిగితే ఆ పిల్ల ఏం చేయగలదు? మీ పాప చేసినట్టు తిండి మానేయగలదు, అంతే. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రైవేటు బడులకూ అది వర్తిస్తుంది. అమెరికాలో కూడా ఇదే బాధ ఉంది. అక్కడ పిల్లల భోజన ఖాతాల్లో డబ్బు అయిపోతే కొన్ని బడుల్లో చేతి మీద ముద్ర వేసి పంపడం, వేడి అన్నం తీసేసి చల్లటిదేదో చేతిలో పెట్టడం చేసేవారు. 2017లో న్యూ మెక్సికో రాష్ట్రం దాన్ని ఆపుతూ చట్టం చేసింది. బకాయి సంగతి పిల్లతో కాదు, తల్లిదండ్రులతోనే మాట్లాడాలని అందులో ఉంది. మనం మన ప్రిన్సిపాల్‌ను అడగబోయేది కూడా అంతే.

ప్రిన్సిపాల్‌ను విడిగా కలవండి. డబ్బు కాగితం ఆఫీసులో ఇచ్చి, ఈ మాట ఆ గదిలో చెప్పండి. రెండూ కలిపితే ఆ మాట ఈ మాటలో పడి, చివరకు మీరు డబ్బు దగ్గర బేరమాడుతున్నట్టు కనపడుతుంది. వడ్డించే ఆమె పేరు ఎత్తి ఆమె ఉద్యోగం మీదికి తేకండి. కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగేలా పెట్టింది ఆమె కాదు, వెలిగితే పిల్లకు చెప్పమన్నదీ ఎవరో పైవాళ్ళే అయి ఉంటారు. "మా పాప భోజనం మానేసింది. ఇలా ఎన్నాళ్ళుగానో మాకు తెలియలేదు. పిల్లలకు చెప్పకుండా మాకే చెప్పే ఏర్పాటు చేయండి. గ్రూపులోంచి ఆ జాబితా తీసేయండి, ఇకముందు పెట్టకండి" అని అడగండి. పాప తినడం లేదన్న మాట విన్నాక చాలామంది ప్రిన్సిపాళ్ళు కదులుతారు. తమ బడిలో ఒక పిల్ల ఆకలితో కూర్చుంటోందని వాళ్ళకూ తెలిసి ఉండదు.

ఒంటరిగా వెళ్ళడానికి జంకుగా ఉంటే, ఆ జాబితాలో పేరున్న మరో ఇద్దరు ముగ్గురు తల్లులతో కలిసి వెళ్ళండి. వాళ్ళూ మీలాగే ఎవరికీ చెప్పుకోలేక ఉంటారు. గ్రూపులో మాత్రం గొడవ పెట్టకండి. అక్కడ వంద మంది చేరి తలా ఒక మాట అంటారు, పాప పేరు ఇంకా నానుతుంది.

చెప్పినా మారకపోతే మండల విద్యాధికారికి, తర్వాత జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. పిల్లలను వేధిస్తున్నారనిపిస్తే పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఉంది. కానీ ఒకటి ఆలోచించుకోండి. ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు కూడా పిల్లలు అదే బడికి, అదే టీచర్ల దగ్గరికి పోవాలి. అధికారులు విచారణకు వస్తే పాపను అడుగుతారు. దానికి ఆ పిల్ల సిద్ధంగా ఉందా అన్నది మీకే తెలుస్తుంది. అందుకే ప్రిన్సిపాల్‌కు రాసిచ్చి, వారం పది రోజులు చూసి, ఆ తర్వాత పైకి వెళ్ళమంటున్నాను. ఈలోపు అన్నం పెట్టకుండా వెనక్కి పంపితే మాత్రం ఆ గడువు కోసం ఆగవద్దు.

క్యారియర్ గురించి మీ ఆయన చెప్పింది తేలిగ్గా ఉంది. ఆచరణలో అది మీరు పొద్దున ఐదుకు బదులు నాలుగున్నరకు లేవడం. రాత్రి పదకొండు దాకా బ్లౌజులు కుట్టే మనిషికి ఆ అరగంట చిన్నదేం కాదు. నెలకు 2,200 మిగులుతుందనుకుంటారు గానీ బియ్యం, నూనె, కూరగాయలు, గ్యాసు తీసేస్తే మిగిలేది చాలా తక్కువ, మీ కుట్టుపనిలో పోయే టైము లెక్కేస్తే ఇంకా తక్కువ. మార్చి నుంచి మన అనంతపురం ఎండల్లో పొద్దున కట్టిన అన్నం మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయితే ఇంట్లో వండింది తినడం, పిల్లలకు ఇష్టమైనది కట్టడం, ఫోన్ మోగకపోవడం, ఇవి నిజమైన లాభాలే. ఎవరు చేస్తారన్నది తేలితేనే ఈ దారి నిలుస్తుంది. ఆయన పొద్దున కూరగాయలు తరిగి, డబ్బాలు కట్టే పని తీసుకుంటారా అని అడగండి. అత్తగారు రాత్రే ఒక కూర సిద్ధం చేయగలరా? అవునంటే ప్రయత్నించండి. ఎవరూ ఏమీ చేయకుండా "కట్టు" అంటే మాత్రం ఆ మాటకు ఒప్పుకోకండి.

గవర్నమెంటు బడి విషయానికి వస్తే, అక్కడి భోజనం గురించి మీరు విన్నది నిజమే. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. మన రాష్ట్రంలో పదో తరగతి దాకా ఉచితంగా పెడుతున్నారు. ఆ పథకానికి ఇప్పుడు గోదావరి లంకల్లో దారినపోయే వాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గుడ్లు, రాగిజావ, చిక్కీ కూడా ఇస్తారు. అక్కడ తినే పిల్లల్లో ఎవరికీ బకాయి ఉండదు, ఎర్ర లైటు ఉండదు. అది చిన్న విషయమని నేను అనను. కానీ మధ్యలో బడి మార్చడం అన్నం ఒక్కటే చూసి తీసుకునే నిర్ణయం కాదు. మీడియం, స్నేహితులు, దూరం, పాప చదువు, అన్నీ ఉన్నాయి. మీకు ఫీజులే మోయలేని భారంగా ఉంటే ఈ ఆలోచన తప్పకుండా చేయండి, దగ్గరలోని బడికి ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళి చూసి రండి, టీచర్లతో మాట్లాడండి. సంవత్సరం చివర్లో నిర్ణయించండి. ఇప్పుడు ఈ కోపంలో తీసేస్తే, అన్నం డబ్బు కట్టలేక బడి మాన్పించారని పాప అనుకుంటుంది. ఆ మచ్చ పిల్ల మనసులో ఉండకూడదు.

ఇంకొకటి. డబ్బు తెచ్చేది మీ ఆయన, ఆ ఫోన్లన్నీ వచ్చేది మీకు. ఆయన ఆటోలో ఉంటారు, ఆయనకు ఏ గొంతూ వినపడదు. అందుకే ఆయనకు ఇది ఒక్క మాటతో తేలిపోయే విషయంగా కనపడుతోంది. స్కూలు రికార్డులో ఆయన నంబరు కూడా పెట్టించండి. ఇది ఆయన్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, ఇద్దరికీ ఒకే సమాచారం ఉండటానికి. అప్పుడు "ఇంకా కట్టలేదా?", "నువ్వు చెప్పలేదు కదా" అనే మాటలు తగ్గుతాయి.

నెల జీతం లేని ఇంట్లో నెలకొకసారి 2,200 ఒకేసారి తీయడం కష్టం. యాప్ ఒప్పుకుంటే వారం వారం వేయండి. మార్కెట్ నుంచి డబ్బు చేతికొచ్చిన రోజునే, ఇంటి ఖర్చులోకి కలవకముందే, 550 వేసేయండి. పాపకు ఇచ్చిన మాట నిలబడేది దీనివల్లనే. ఆటోపే, అంటే చెప్పిన తేదీకి ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, పెట్టుకోమని స్కూలువాళ్ళు అనవచ్చు. మెసేజ్‌ల బాధ తప్పుతుంది, కోతకు 24 గంటల ముందు తెలియజేస్తారు, ఎప్పుడైనా మీరే ఆపుకోవచ్చు కూడా. కానీ ఆ తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే కోత జరగదు, కొన్ని బ్యాంకులు అందుకు కూడా ఛార్జీ వేస్తాయి. మీ రాబడికి అది సరిపడదనిపిస్తోంది. పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు ఫీజుకే సరిపోయిందని రాశారు. వచ్చే ఏడాది కూడా వస్తే, అందులో ఒక నెల భోజనం డబ్బు మాత్రం ముందే యాప్‌లో వేసి కదపకండి. ఒక వారం ఆటో ఆగినా ఆ 200 గీత దాకా పోదు.

అత్తగారికి "అది అప్పు కాదు" అని ఒక్కసారి చెబితే సరిపోదు. ఆమె విన్న గొంతుల జ్ఞాపకం పాతది. పిల్లల అన్నానికి మనం ముందే డబ్బు కడతామని, అయిపోవస్తే ఫోన్ గుర్తు చేస్తుందని, గడపలోకి ఎవరూ రారని నెమ్మదిగా చెప్పండి. మీ ఆయన చెబితే ఇంకా నమ్ముతారు.

ఆఫీసు ఆమె మీద అరిచానని బాధపడుతున్నారు. ఈసారి కాగితం ఇచ్చేటప్పుడు "ఆ రోజు టెన్షన్‌లో అరిచాను, ఏమీ అనుకోకండి" అని ఒక్క మాట అనండి. ఆమె కూడా రోజంతా ఇలాంటి వాళ్ళందరి మాటలూ వింటూ ఉంటుంది. ఆ మాట మీకు తేలికవుతుంది, మీ కాగితమూ త్వరగా కదలవచ్చు. అంతకు మించి దాన్ని మోయకండి. డబ్బు కట్టి కూడా కట్టలేదనిపించుకున్న మనిషికి కోపం రావడంలో తప్పులేదు.

కాగితం ఈ రాత్రే రాసి పెట్టుకోండి. వెళ్ళే రోజు మీ ఆయన్ని ఆటో ఒక గంట ఆపి రమ్మనండి, చెల్లింపు ఆయన ఫోన్‌లోనే ఉంది కదా. కిటికీ దగ్గర ఆయన చూపిస్తారు, ప్రిన్సిపాల్ గదిలో మీరు మాట్లాడండి. వెనక్కి వచ్చేటప్పుడు సంతకం పడిన జిరాక్స్ మీ చేతిలో ఉండాలి. వారంలో లెక్క తేలకపోతే దాని మీదే రెండో ఉత్తరం రాయాలి. పాప మళ్ళీ తింటోందో లేదో మాత్రం నాకు ముందుగా రాయండి.